కేసీ కాలువ వెనుక కాటన్ కల

కర్నూలు: సర్ ఆర్థర్ కాటన్ పేరు వినగానే ధవళేశ్వరం ఆనకట్ట స్ఫురిస్తుంది. గోదావరి జిల్లాల్లో ఆయన విగ్రహాలకు నేటికీ పూలమాలలు పడుతున్నాయి. రాయలసీమకూ ఆయనతో బంధం ఉందన్న సంగతి మాత్రం కొందరికే ఎరుక.

1803 మే 15న ఇంగ్లండులో జన్మించిన కాటన్ యౌవనారంభంలోనే మద్రాసు ఇంజినీర్ల దళంలో చేరారు. కావేరి డెల్టాలో అనుభవం గడించి, 1847-52 నడుమ ధవళేశ్వరం ఆనకట్టను నిర్మించారు. ఆ ఫలితాలు చూశాక నీటిపై పెట్టిన ప్రతి రూపాయీ లాభంతో తిరిగి వస్తుందన్న నమ్మకం ఆయనలో స్థిరపడింది. రైళ్ల కన్నా కాలువలే మేలని వాదించారు. ప్రభుత్వ ఖజానా కోసం ఎదురుచూడక, లండన్ మదుపరుల సొమ్ముతో తుంగభద్ర జలాలను సీమ మీదుగా మళ్లించాలన్నది ఆయన సంకల్పం.

ఆ ప్రేరణతో 1850 దశకం చివర మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ వెలసింది. 10 లక్షల పౌండ్ల మూలధనంపై 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. అంటే లాభం వాటాదారులది, నష్టం ఇక్కడి పన్ను చెల్లింపుదారులది!

1863లో పనులు ఆరంభమయ్యాయి. సుంకేసుల వద్ద తుంగభద్రపై ఆనకట్ట కట్టి, కర్నూలులో హంద్రీని దాటించి, కుందూ లోయ గుండా కడప వరకు సుమారు 300 కిలోమీటర్ల కాలువ తవ్వారు. పడవలూ నడిచాయి. అయితే తలచిన మహాపథకంలో పూర్తయింది ఈ ఒక్క భాగమే. ఖర్చు అంచనాలను మించింది, రాబడి అడుగంటింది. గోదావరి డెల్టా లెక్క ఇక్కడ పారలేదు. నల్లరేగడిలో వాననీటితోనే జొన్న, పత్తి పండించే రైతు నీటి తీరువా కట్టడానికి తొందరపడలేదు. 1876-78 నాటి మహా కరవులో కాలువ నీటికి గిరాకీ పెరిగింది, వానలు కురవగానే మళ్లీ తగ్గింది.

1878లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం ఎదుట కాటన్ తన వాదన వినిపించినా, సంఘం దానితో ఏకీభవించలేదు. 1882లో ప్రభుత్వం కాలువను కొనుగోలు చేయగా కంపెనీ కథ ముగిసింది. 1899 జూలై 24న డార్కింగ్‌లో కాటన్ కన్నుమూశారు.

పడవల రాకపోకలు ఆగిపోయి దశాబ్దాలైంది. కాలువ కింద కర్నూలు, నంద్యాల, వైఎస్సార్ కడప జిల్లాల్లో సుమారు 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. ఒకప్పుడు వద్దనుకున్న నీటి కోసం ఇప్పుడు చివరి భూముల రైతులు ఎదురుచూస్తుంటారు.