చెంచా ఎక్కడుందో తెలియని స్థితి.. మహా మేధావి కాంట్ చివరి రోజుల్లో ఏం జరిగింది?

ఆయన వాకింగ్‌కు బయల్దేరితే ఊళ్లో వాళ్లు గడియారాలు సరిచేసుకునేవారట. అంత పక్కా టైమింగ్! ఆయనే జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్. అలాంటి మనిషికి చివరికి ముద్ద నోటిదాకా తీసుకెళ్లడమే పెద్ద పనైపోయింది.

కాంట్ 1724 ఏప్రిల్ 22న కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టారు. ఇప్పుడది రష్యాలోని కాలినిన్‌గ్రాడ్. తండ్రి గుర్రాల జీను సామాన్లు కుట్టే పనివాడు. ఆ పేదింటి పిల్లాడే సొంతూరి యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు. 1781లో వచ్చిన 'క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్' పుస్తకం తత్వశాస్త్రాన్నే మలుపు తిప్పింది.

పెళ్లి చేసుకోలేదు. రోజుకు ఒక్కపూటే భోజనం, అదీ మధ్యాహ్నం ఒంటిగంటకు. ఒంటరిగా మాత్రం తినేవారు కాదు. స్నేహితులను పిలిచి గంటల తరబడి కబుర్లు చెబుతూ తినేవారు.

1796లో పాఠాలు చెప్పడం ఆపేశారు. ఆ తర్వాతే మతిమరుపు మొదలైంది. చెప్పిన కథే మళ్లీ మళ్లీ చెప్పేవారు. ఆ సంగతి తనకే తెలిసి, మాట్లాడాల్సిన విషయాలు చీటీల మీద రాసుకునేవారు. ఆయన లక్షణాల గురించి చదివిన తర్వాతి తరం వైద్యులు డిమెన్షియా అయి ఉండొచ్చని అంచనా వేశారు.

1803లో జున్ను పెట్టిన బ్రెడ్ మీద విపరీతమైన మోజు పెరిగింది. వద్దన్నా వినలేదు. అక్టోబర్ 8న ఒక్కసారిగా కుప్పకూలారు. కోలుకున్నా మునుపటి మనిషి కాలేదు. చూపు మందగించింది. పళ్లెం ముందు కూర్చున్నా చెంచా దొరికేది కాదు. పూర్వ విద్యార్థి వాసియాన్‌స్కీ ఆహారాన్ని చిన్న ముక్కలు చేసి, చెంచాలో పెట్టి, గురువు చెయ్యి పట్టుకుని దాని దగ్గరికి తీసుకెళ్లేవారు. చివరికి ఆకలే పోయింది. ఆఖరి రాత్రి నీళ్లు కలిపిన తీపి వైన్ కొద్దిగా తాగి, చాలన్నట్టు చెప్పారు. 1804 ఫిబ్రవరి 12న కన్నుమూశారు. అప్పటికి ఎముకల గూడులా మిగిలారు.

ఇప్పటి వైద్యం ఏం చెబుతోంది?

డిమెన్షియా ముదిరితే నమలడం, మింగడం కూడా మెదడు మర్చిపోతుంది. ముద్ద బుగ్గనే ఉండిపోతుంది. మామూలుగా పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని అంటాం. ఈ రోగులకు మాత్రం పదేపదే పొలమారితే తేలిగ్గా తీసుకోవద్దు. తిన్నది ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా రావచ్చు.

అలాగని ట్యూబ్ పెట్టించడమే పరిష్కారం కాదు. ముదిరిన డిమెన్షియాలో ట్యూబ్ కంటే చేత్తో ఓపిగ్గా తినిపించడమే మేలని అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ సూచిస్తోంది. నిటారుగా కూర్చోబెట్టాలి. మెత్తటి ఆహారం చిన్న చెంచాతో పెట్టాలి. మింగాకే ఇంకో చెంచా. మొహం తిప్పేసుకుంటే బలవంతం వద్దు. దగ్గు, గొంతులో గరగర కనిపిస్తే డాక్టర్‌కు చూపించాలి.

220 ఏళ్ల కిందట వాసియాన్‌స్కీ చేసింది దాదాపు ఇదే. మీ ఇంట్లో అమ్మకో, తాతయ్యకో ఈ పరిస్థితి వస్తే తినడం లేదని కసురుకోవద్దు. అది మొండితనం కాదు.. జబ్బు.