జై హింద్ అభివాదాన్ని అందించిన హైదరాబాదీ: సైనికాధికారి, రాయబారి ఆబిద్ హసన్ సఫ్రానీ
(జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

నానక్‌రామ్‌గూడ, ఏప్రిల్ 11: సైబరాబాద్ పరిధిలోని నానక్‌రామ్‌గూడ నేడు సమాచార సాంకేతిక సంస్థలకే గాక దౌత్య వ్యవహారాలకూ కేంద్రమైంది. బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో నెలకొని ఉన్న అమెరికా కాన్సులేట్ 2023 మార్చిలో ఇక్కడి నూతన భవనానికి తరలివచ్చింది. ఈ ప్రాంతాన్ని ఆనుకొని ఉన్న రాయదుర్గంలో, హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా సమీపాన, సఫ్రానీ పేరిట ఒక ఉన్నత పాఠశాల వెలసింది. ఆ పేరు గల మహనీయుడు రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో సైనికాధికారిగా, స్వతంత్ర భారతదేశంలో రాయబారిగా సేవలందించిన హైదరాబాదు వాసి ఆబిద్ హసన్.

బాల్యం, కుటుంబ నేపథ్యం

ఆబిద్ హసన్ 1911 ఏప్రిల్ 11న హైదరాబాదులో జన్మించారు. ఆయన అసలు పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. తల్లి ఫక్రుల్ హాజియా బేగం జాతీయోద్యమ భావాలు గల వనిత. విదేశీ వస్త్ర బహిష్కరణ పిలుపునందుకొని ట్రూప్ బజారులోని తమ నివాస ప్రాంగణంలోనే విదేశీ వస్త్రాలను దహనం చేయించారు. అన్న బద్రుల్ హసన్ గాంధీజీ అనుచరులు. నిజాం పాలనలో ఉన్న నగరంలో ఇటువంటి వాతావరణంలో పెరిగిన ఆబిద్ హసన్ యౌవనంలోనే సబర్మతీ ఆశ్రమానికి వెళ్లారు. శాసనోల్లంఘనోద్యమ కాలంలో నాసిక్ కారాగారంలో శిక్ష అనుభవించి, 1931లో గాంధీ-ఇర్విన్ ఒప్పందం అనంతరం విడుదలయ్యారు. తదుపరి ఇంజనీరింగ్ విద్యాభ్యాసం నిమిత్తం జర్మనీ వెళ్లారు.

నేతాజీ సన్నిధిలో

నేతాజీ సుభాష్ చంద్రబోస్ 1941లో జర్మనీ చేరుకొని, అదే ఏడాది నవంబరులో బెర్లిన్‌లో ఆజాద్ హింద్ కేంద్రాన్ని ప్రారంభించారు. ఆబిద్ హసన్ చదువును విడిచి ఆయనకు కార్యదర్శిగా, దుబాసీగా చేరారు. జర్మనీకి చిక్కిన భారతీయ యుద్ధఖైదీలతో అక్కడ ఏర్పడిన దళంలో సుమారు 3,000 మంది చేరారు. బ్రిటిష్ భారత సైన్యంలో మతం, ప్రాంతం, కులం వారీగా పటాలాలు ఉండేవి. ఈ దళంలో మాత్రం అందరినీ కలిపి ఉంచారు. అయినా ఎవరి సంప్రదాయం ప్రకారం వారు నమస్కారం, సలాం, సత్ శ్రీ అకాల్ అని పలకరించుకొనేవారు. అందరికీ వర్తించే ఒకే అభివాదం అవసరమైంది.

రాజపుత్ర సైనికులు రామనామంతో పలకరించుకొనడం విన్న ఆబిద్ హసన్, అందులో దేవుని పేరున్న చోట దేశం పేరు చేర్చి చూశారని, దానినే కుదించి జై హింద్ అనే రెండు మాటలను ప్రతిపాదించారని ఆయన సన్నిహితులు, చరిత్రకారులు పేర్కొన్నారు. నేతాజీ దానిని ఆమోదించి సైన్యమంతటికీ అధికారిక అభివాదంగా స్వీకరించారు.

జలాంతర్గామి ప్రయాణం

1943 ఫిబ్రవరిలో నేతాజీ జర్మనీ నుంచి తూర్పు ఆసియాకు బయలుదేరినప్పుడు వెంట తీసుకువెళ్లిన ఏకైక భారతీయుడు ఆబిద్ హసన్. కీల్ రేవులో యు-180 అనే జర్మన్ జలాంతర్గామి ఎక్కిన వారిరువురూ ఆఫ్రికా ఖండాన్ని చుట్టి మడగాస్కర్ సమీపానికి చేరారు. ఏప్రిల్ చివరి వారంలో, అలలు ఉద్ధృతంగా ఉండగా, రబ్బరు తెప్పపై ఐ-29 అనే జపాను జలాంతర్గామికి మారారు. మే మొదటి వారంలో సుమత్రా తీరంలోని సబాంగ్ వద్ద దిగారు. దాదాపు మూడు నెలల ఈ ప్రయాణంలో నేతాజీ చెబుతుండగా ఆయన ప్రసంగాలను, రచనలను ఆబిద్ హసన్ లిఖించారు.

సింగపూర్‌లో 1943 అక్టోబరు 21న ఆజాద్ హింద్ తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడింది. ఆ ప్రభుత్వ గీతమైన శుభ్ సుఖ్ చైన్ రూపకల్పనలో ఆబిద్ హసన్ పాలుపంచుకున్నారు. దానికి రామ్‌సింగ్ ఠాకూరీ బాణీ సమకూర్చారు. ఆజాద్ హింద్ ఫౌజ్‌లో మేజర్ హోదా పొందిన ఆబిద్ హసన్ 1944లో ఇంఫాల్ రణరంగానికి వెళ్లారు. వర్షాలు, ఆకలి, మలేరియాల నడుమ సాగిన ఆ తిరోగమనం ఆయన మనసులో చెరగని ముద్ర వేసింది. అనంతర కాలంలో ఆ సహచరులను గురించి ఆయన ఒక గ్రంథం రచించారు.

పతాకం రంగుపై హిందూ, ముస్లిం సైనికుల నడుమ భేదాభిప్రాయం తలెత్తగా, కాషాయం కోరిన హిందూ సైనికులు తమ పట్టు సడలించారని, ఆ ఔదార్యానికి చలించిన ఆబిద్ హసన్ కాషాయవర్ణాన్ని సూచించే సఫ్రానీ పదాన్ని తన పేరుకు చేర్చుకున్నారని చెబుతారు.

1945 ఆగస్టులో నేతాజీతో కలిసి సైగాన్ వరకు వెళ్లినా, అక్కడి నుంచి బయలుదేరిన విమానంలో చోటు లేక ఆబిద్ హసన్ ఆగిపోవలసి వచ్చింది. నేతాజీ వెంట హబీబుర్ రహమాన్ ఒక్కరే వెళ్లారు. ఆగస్టు 18న తైహోకు వద్ద ఆ విమానం కూలిపోయింది. అనంతరం ఆబిద్ హసన్ బ్రిటిష్ వారి నిర్బంధానికి గురై, తర్వాత విడుదలయ్యారు.

దౌత్యరంగ ప్రవేశం

స్వాతంత్ర్యానంతరం ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులను భారత సైన్యంలోకి తిరిగి తీసుకోలేదు. వారికి స్వాతంత్ర్య సమరయోధుల పింఛను 1972 పథకంతో గాని లభించలేదు. అయితే కొత్తగా ఏర్పడిన విదేశాంగ సేవ మాత్రం వారిలో కొందరికి తలుపులు తెరిచింది. మహబూబ్ అహ్మద్, సిరిల్ స్ట్రేసీ తదితరులతోపాటు ఆబిద్ హసన్ కూడా అందులో చేరారు. ఆయన 1948లో ఈ సేవలో ప్రవేశించగా, అదే సంవత్సరం సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైంది. ఈజిప్టు, చైనా తదితర దేశాలలో పనిచేసి, డెన్మార్క్‌లో భారత రాయబారిగా వ్యవహరించి, 1969లో పదవీ విరమణ చేశారు. అనంతరం స్వస్థలమైన హైదరాబాదులో స్థిరపడి, 1984 ఏప్రిల్ 5న పరమపదించారు.

ఆయన అన్న కుమార్తె సురయ్యా హసన్ బోస్ నేతాజీ సోదరుని కుమారుడైన అరవిందో బోస్‌ను వివాహమాడారు. హిమ్రూ, మష్రూ నేతలకు పునరుజ్జీవం కల్పించిన ఆమె రాయదుర్గంలో నేత కేంద్రాన్ని నడిపి, నేతపనివారి పిల్లల కొరకు పినతండ్రి పేరిట పాఠశాల నెలకొల్పారు. ఆమె 2021లో మరణించారు.

స్వతంత్ర భారత తపాలా శాఖ 1947 ఆగస్టు 15న వాడిన ప్రత్యేక ముద్రపైనా, అదే ఏడాది నవంబరు 21న వెలువడిన తొలి తపాలా బిళ్లపైనా జై హింద్ అనే మాటలే ఉన్నాయి. ఏ సైనికులను దేశం తన సైన్యంలోకి తీసుకోలేదో, వారి అభివాదాన్ని మాత్రం తొలిరోజునే తనదిగా స్వీకరించింది. నేడు ప్రభుత్వ సభలలో ప్రసంగాలు ఆ మాటలతోనే ముగుస్తున్నాయి. వాటి వెనుక ఒక హైదరాబాదు యువకుని ఆలోచన ఉన్నదని పాఠశాలల్లోనూ, జాతీయ పర్వదినాల వేదికలపైనా తెలియజేయడం ఆయనకు తగిన నివాళి కాగలదు.

పౌరసంబంధాల అధికారి, సమాచార పౌరసంబంధాల శాఖచే జారీ చేయబడినది.