జాషువాను వెలివేసింది ఎవరు?

1915-16లో సినిమాకు ఇంకా మాటలు రాలేదు. తెర మీద బొమ్మ కదులుతుంటే, వెనక నిలబడి ఒకరు కథ చెబుతూ పాత్రల మాటలు చదివేవారు. రాజమండ్రిలో కొన్నాళ్ళు ఆ పని చేసినవారిలో ఇరవై ఏళ్ళ గుర్రం జాషువా ఒకరు. మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల ఉద్యోగం పోయి, పొట్ట చేత పట్టుకుని మన గోదావరి ఒడ్డుకు వచ్చారు. తర్వాత తెలుగు నేలంతా విన్న గొంతు అది.

ఆయన 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్యది యాదవ కులం, తల్లి లింగమాంబది మాదిగ కులం. ఇల్లు క్రైస్తవుల ఇల్లు. చిన్నప్పటి నుంచీ పద్యమంటే ప్రాణం. ఆ పద్యానికి రెండు వైపుల నుంచీ దెబ్బలు తగిలాయి.

వినుకొండలో అవధాన సభ జరిగితే వెళ్ళి తన పద్యాలు చదివారు. తక్కువ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు అవమానించారు. ఈ సంగతి మనం వేదికల మీద తరచుగా చెప్పుకుంటాం. తప్పు అవతలివాళ్ళది కాబట్టి చెప్పుకోవడం సులువు కూడా.

రెండో సంగతి అంతగా చెప్పుకోం. జాషువా పురాణాలు చదివారు. రుక్మిణీ కల్యాణం వంటివి రాశారు. తెలుగు పద్యం నేర్చుకునేవాడు భారత భాగవతాలు తెరవకుండా ఎలా నేర్చుకుంటాడు? నన్నయ యజ్ఞం చేసిన ఊరని చెప్పుకునే తణుకువాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు. కానీ హిందూ దేవుళ్ళ మీద పుస్తకాలు రాశారని క్రైస్తవ సమాజం ఆయన్ను, ఆయన కుటుంబాన్ని వెలివేసింది. కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన కుటుంబాలున్న రోజులవి, విగ్రహారాధన గురించి సంఘ పెద్దల భయం అర్థం చేసుకోదగ్గదే. అయినా ఒక కథను పద్యంగా రాయడానికీ ఆ కథలోని దేవుడికి మొక్కడానికీ ఉన్న తేడా పెద్దలకు తెలియాలి కదా!

డిసెంబరు దగ్గరపడితే తణుకులో, చుట్టుపక్కల ఊళ్ళలో విశ్వాసుల ఇళ్ళ మీద నక్షత్రాలు వెలుగుతాయి. వీధి మొగలో పశువుల పాక పెడదామని, కూడలిలో క్రిస్మస్ పాటలు పాడదామని యువజనులు ముందుకొస్తారు. ఎవరైనా అభ్యంతరం చెబితే రాజ్యాంగంలోని 19, 25 అధికరణాలు గుర్తుచేస్తాం. ఒకటి మాట్లాడే స్వేచ్ఛ, రెండోది మతాన్ని ఆచరించి ప్రచారం చేసుకునే స్వేచ్ఛ. గుర్తుచేయాలి కూడా. శాంతిభద్రతలకు లోబడి ఆ హక్కు వినాయక చవితి పందిరికి ఎంత ఉందో మన పశువుల పాకకూ అంతే ఉంది. అయితే ఆ అధికరణాలు పుట్టకముందే మనలో ఒకడు నోరు విప్పితే మనవాళ్ళు ఏం చేశారో కూడా అదే నోటితో చెప్పాలి.

1941లో గబ్బిలం వచ్చింది. అందులో ఒక అంటరాని మనిషి తన గోడు కాశీలో ఉన్న శివుడికి వినిపించమని గబ్బిలాన్ని పంపుతాడు. గుడిలోకి తాను వెళ్ళలేడు, గబ్బిలానికి అడ్డులేదు. క్రైస్తవ ఇంట పుట్టిన కవి శివుడితో మొరపెట్టించాడేమిటని ఇప్పటికీ అడిగేవారున్నారు. మొర ఎవరిదో చూస్తే ఆ ప్రశ్న రాదు.

ఆయన రాసిన శ్మశానవాటి పద్యాల కథ ఇంకా చిత్రం. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్యహరిశ్చంద్ర నాటకంలో కాటి సీనులోకి అవి చేరిపోయాయి. జాతర్లలో, తిరునాళ్ళలో, గుడి ముందు వేసిన పందిళ్ళలో తెల్లవార్లూ ఆ నాటకం ఆడేవారు. హరిశ్చంద్ర వేషం కట్టినవాడు ఆ పద్యాలు ఎత్తుకుంటే జనం వన్స్‌మోర్ అని అరిచేవారు. హిందువుల పండుగ, ఊరందరి వేదిక, క్రైస్తవుడి పద్యం. దానికోసం ఎవరూ కోర్టుకు వెళ్ళలేదు. కడియంలో పుట్టిన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు బ్రాహ్మణ పండితుడై ఉండి కూడా జాషువా కాలికి తన చేతులతో గండపెండేరం తొడిగారు. మన పెద్దల్లో ఎవరూ ఆ రోజుల్లో అంత దూరం వంగినట్టు కనబడదు.

వెలివేశారని ఆయన క్రీస్తును వదిలేయలేదు. 1958లో క్రీస్తు చరిత్ర వెలువడింది. 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అదే సంవత్సరం శాసనమండలి సభ్యులయ్యారు. 1970లో పద్మభూషణ్. ఆయన కూతురు హేమలత, నాస్తికుడు గోరా గారి కొడుకు లవణంను పెళ్ళి చేసుకున్నారు. ఆ కుటుంబంలో ఎన్ని విశ్వాసాలు కలిసి బతికాయో చూడండి. 1971 జూలై 24న గుంటూరులో జాషువా కన్నుమూశారు.

ఈ క్రిస్మస్‌కు కూడలిలో వేదిక కట్టే సంఘాలు అనుమతి కాగితంతో పాటు ఒక పుస్తకం కూడా సంపాదించవచ్చు. క్రీస్తు చరిత్ర మన సంఘాల గ్రంథాలయాల్లో ఎన్నింట ఉందో ముందు వెతకండి. దొరికితే, పద్యం రాగయుక్తంగా చదవగల పిల్లను ఒకరిని పిలిచి, నక్షత్రం కింద మైకు ముందు నిలబెట్టండి.