లీకుకి దారి చూపించిన ఇంజనీర్: డాక్టర్ కె.ఎల్. రావు

ఫ్లష్ ట్యాంకు లీకవుతోందని డౌట్ వస్తే ఒక సింపుల్ చిట్కా ఉంది. ట్యాంకులో కాస్త రంగు కలిపి, ఫ్లష్ చేయకుండా అరగంట ఆగాలి. రంగు కింద బేసిన్‌లోకి దిగితే లోపల రబ్బరు వాల్వు పోయినట్టే. కారు పెట్రోల్ ట్యాంకుకైతే మెకానిక్ దాన్ని విప్పి, ఖాళీ చేసి, ఆవిరి కూడా మిగలకుండా కడిగి, కొద్దిగా గాలి ఎక్కించి సబ్బు నీళ్లు రాస్తాడు. బుడగ ఎక్కడొస్తే చిల్లు అక్కడే. ట్యాంకు చిన్నది కాబట్టి ఇదంతా కుదురుతుంది. అదే ట్యాంకు 124 మీటర్ల ఎత్తుండి, మొత్తం రాతితో కట్టింది అయితే? ఆ ప్రశ్నతో బతికిన మనిషి కానూరి లక్ష్మణరావు గారు.

ఆయన 1902 జులై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. స్కూల్లో ఆడుకుంటుంటే దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. డ్రాయింగుల మీదే బతకాల్సిన చదువుని ఆయన ఒక్క కంటితో చదివారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ, తర్వాత గిండీ ఇంజనీరింగ్ కాలేజీ. మద్రాసు యూనివర్సిటీ నుంచి ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ అందుకున్న మొదటి విద్యార్థి ఆయనే. 1939లో ఇంగ్లండ్ బర్మింగ్‌హామ్‌లో పీహెచ్‌డీ చేశారు. రంగూన్‌లో పాఠాలు చెప్పారు. తిరిగొచ్చాక గోదావరి మీద అనుకున్న రామపాదసాగర్ డిజైన్ పనిలో చేరారు. అది అప్పట్లో కాగితం దాటలేదు. 1950లో ఢిల్లీ వెళ్లి కేంద్ర జల, విద్యుత్ సంఘంలో డిజైన్ల డైరెక్టర్ అయ్యారు.

అక్కడ ఆయన చేతికొచ్చిన పెద్ద పని నాగార్జునసాగర్. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. అప్పుడు దేశంలో సిమెంటుకి కరువు, పెద్ద మెషిన్లు కొనడానికి విదేశీ డబ్బుకి కరువు. ఉన్నవి రాయి, పని చేసే చేతులు. అందుకే కాంక్రీటు బదులు రాతి కట్టుబడి. వేలమంది కూలీలు రాళ్లు మోసి పేర్చారు, ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ప్రపంచంలోనే అతి పెద్ద రాతి డ్యామ్ అలా లేచింది.

రాతి కట్టడంలో అతుకులు లెక్కలేనన్ని. నీళ్లు ఏదో ఒక సందు వెతుక్కుంటాయి. వంద మీటర్ల లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీద దాదాపు పది కిలోల ఒత్తిడి ఉంటుంది. పైగా అసలు ప్రమాదం కంటికి కనపడదు. బావిలో చేద నీళ్లలో ఉన్నంతసేపు తేలిగ్గా ఉంటుంది కదా, డ్యామ్ కింద పగుళ్లలోకి చేరిన నీళ్లు కూడా డ్యామ్‌ని అలాగే పైకి నెడతాయి. బరువుతోనే నిలబడే డ్యామ్‌కి బరువు తగ్గితే ముప్పు. ఫ్రాన్స్‌లో బూజే డ్యామ్ 1895లో కూలడానికి ఈ ఒత్తిడిని లెక్కలో వేయకపోవడం ఒక ముఖ్య కారణం.

దీనికి ఇంజనీర్ల దగ్గర రెండు మందులున్నాయి. నీళ్లవైపు పునాది రాతిలో లోతుగా బోర్లు వేసి, ఒత్తిడితో సిమెంటు పాలు పంపి పగుళ్లు మూసేయడం మొదటిది. అయినా కొంత వస్తుంది. ఆ వచ్చేదాన్ని అడ్డుకోకుండా, దాని వెనక ఇంకో వరస బోర్లు వేసి డ్యామ్ లోపలి సొరంగంలోకి, అంటే గ్యాలరీలోకి, దారి చూపించడం రెండోది. ఆ నీటిని వి ఆకారపు గాడి మీదుగా వదిలి ఎత్తు కొలిస్తే ఎంత లీకవుతోందో తెలుస్తుంది. మన భాషలో చెప్పాలంటే అది డ్యామ్ లాగ్ ఫైల్. రోజూ ఒకే అంకె అయితే సరే, హఠాత్తుగా పెరిగినా, నీళ్లు బురదగా వచ్చినా వెంటనే కారణం వెతకాలి.

1962లో లక్ష్మణరావు గారు విజయవాడ ఎంపీ అయ్యారు, మరో రెండుసార్లు గెలిచారు. 1963లో పద్మభూషణ్, అదే ఏడాది నీటిపారుదల, విద్యుత్ శాఖ మంత్రి పదవి. నెహ్రూ, శాస్త్రి, ఇందిర ముగ్గురి దగ్గరా పనిచేశారు. 1967 ఆగస్టు 4న ఇందిర సాగర్ కాలువలకి నీళ్లు వదిలారు. మాచర్ల, గురజాల నుంచి మా రాజుపాలెం వైపు దాకా వానల మీదే ఆధారపడ్డ పల్నాడులో ఇవాళ పత్తి, మిర్చి చేలు కుడికాలువ వైపు చూస్తాయి. గంగని కావేరితో కలపాలన్న ఆయన ప్లాన్ మాత్రం ప్లాన్‌గానే ఉండిపోయింది. తన జ్ఞాపకాల పుస్తకానికి ఆయన క్యూసెక్స్ క్యాండిడేట్ అని పేరు పెట్టుకున్నారు. 1986 మే 18న కన్నుమూశారు.

తర్వాత కృష్ణ మీద పులిచింతల ప్రాజెక్టుకి ఆయన పేరే పెట్టారు. 2021 ఆగస్టు 5న ఆ ప్రాజెక్టు 16వ గేటు కొట్టుకుపోయింది. నిండుగా ఉన్న రిజర్వాయర్‌ని చాలావరకు ఖాళీ చేస్తే తప్ప అక్కడ స్టాప్‌లాగ్ దించడం కుదరలేదు. దాచుకున్న నీళ్లు కిందకి పోయాయి. డ్యామ్ కట్టడం ఒకసారితో అయిపోతుంది, దాని గేట్లు, గ్యాలరీలు చూసుకునే పని మాత్రం ఏటా ఉంటుంది. రేపు మనలో ఎవరైనా ఆ గ్యాలరీ అంకెలకి సెన్సర్లు పెట్టి సాఫ్ట్‌వేర్ రాస్తే, అది లక్ష్మణరావు గారి పనికి కొనసాగింపే అవుతుంది.