సంధికి ముడిపడిన పెండ్లి.. కంభంలో గజపతి కన్య

కంభం: రెండు కొండలను కలుపుతూ గుండ్లకమ్మకు అడ్డుగా నిలిచిన కంభం చెరువు కట్టను నిర్మింపజేసినది ఓఢ్ర గజపతి ప్రతాపరుద్రుని కుమార్తె, శ్రీకృష్ణదేవరాయల పత్ని అని ఈ ప్రాంత ప్రజల విశ్వాసం.

ఆమె వివాహం యుద్ధభూమిలో నిశ్చయమైనది. 1513లో ఆరంభమైన కళింగ దండయాత్రలో ఉదయగిరి, కొండవీడు, కొండపల్లి దుర్గాలు వరుసగా రాయల వశమైనాయి. 1515లో కొండవీటి పతనంతో గజపతి కుమారుడు వీరభద్రుడు బందీగా చిక్కాడు. ఎట్టకేలకు ప్రతాపరుద్రుడు సంధికి అంగీకరించి కుమార్తెను రాయలకిచ్చి వివాహం జరిపించాడు. కృష్ణానదికి ఉత్తరాన జయించిన సీమలను రాయలు మామగారికి తిరిగి అప్పగించాడు. రాజ్యం తండ్రికి దక్కింది. కన్య మాత్రం సోదరుని చెరపట్టిన వాని ఇంట అడుగుపెట్టవలసి వచ్చింది. ఆమె సమ్మతిని అడిగినవారెవరో!

ఆమె పేరు సైతం ఒక్కటిగా నిలువలేదు. తుక్కాదేవి, జగన్మోహిని, అన్నపూర్ణ అని పలువురు పలు విధాలుగా పేర్కొన్నారు. కంభం సీమలో వరదరాజమ్మ అంటారు. తిరుమల ఆలయంలో రాయల సరసన నిలిచిన కంచు విగ్రహాలు తిరుమలదేవి, చిన్నాదేవులవే.

దంపతులకు పొసగక ఆమె కంభంలో ఏకాంతవాసం గడిపిందని జనశ్రుతి. పతి నిరాదరణకు గురైన స్త్రీ వేదన ధ్వనించే 'తుక్కాపంచకం' అనే అయిదు సంస్కృత శ్లోకాలు ఆమె రచనలేనని చెబుతారు. ఆమె పేరిట చెప్పుకొనే చెరువుకు 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు లభించింది.