నార్మ్ స్మిత్

ఆస్ట్రేలియా ఖండమునకు ఆగ్నేయ దిక్కున విక్టోరియా అను రాష్ట్రము కలదు. దాని ముఖ్య పట్టణము మెల్‌బోర్న్. శీతకాలము వచ్చినదనిన ఆ నగరవాసులకు ఫుట్‌బాల్ తప్ప వేఱు మాట తోచదు. అయితే మన దేశమున బాలురు ఆడు ఫుట్‌బాల్ వేఱు, వారి ఫుట్‌బాల్ వేఱు. వారి బంతి కోడిగ్రుడ్డు వలె కోలగా నుండును. మైదానము కూడ కోలగానే యుండును. ఒక్కొక్క జట్టున 18 మంది ఆటగాండ్రు మైదానమున నిలుతురు. బంతిని కాలితో తన్నవచ్చును. ఒక చేత పట్టుకొని రెండవ చేతి పిడికిలితో గ్రుద్ది తోటివానికి అందింపవచ్చును. విసరుట మాత్రము కూడదు. మైదానపు రెండు కొసలయందును నాలుగేసి స్తంభములు నిలిపియుందురు. నడిమి రెండు స్తంభముల మధ్యకు బంతిని తన్నినచో అది గోలు. దానికి 6 పాయింట్లు. ప్రక్క స్తంభముల మధ్యకు పోయినచో ఒక పాయింటు మాత్రమే.

ఈ ఆటకు 1859వ సంవత్సరమున మొదటి నియమములను వ్రాసినవారు మెల్‌బోర్న్ ఫుట్‌బాల్ క్లబ్బు సభ్యులు. అట్టి ప్రాచీనమైన క్లబ్బులో ఆటగాడుగా చేరి, పిమ్మట శిక్షకుడై, దానికి మునుపెన్నడును లేని కీర్తిని తెచ్చినవాడు నార్మ్ స్మిత్. ఆయన ఆటలో సాధించిన విజయములన్నియు ఒక యెత్తు. చనిపోయిన మిత్రుని కుమారుని చేరదీసి, ప్రయోజకుని చేసిన కథ ఒక యెత్తు.

నార్మన్ వాల్టర్ స్మిత్ 1915వ సంవత్సరము నవంబరు 21వ తేదీన జన్మించెను. మెల్‌బోర్న్ నగరమునకు ఉత్తరమున నున్న నార్త్‌కోట్ ప్రాంతములో పెరిగెను. అచట శ్రామిక కుటుంబములే మెండు. అన్న లెన్ స్మిత్ కూడ ఫుట్‌బాల్ ఆటగాడే. తరువాతి కాలమున అతడును మంచి శిక్షకుడని పేరు పొందెను. ఆ దినములలో ఫుట్‌బాల్ ఆట వలన కుటుంబము గడుచునది కాదు. ఆటగాండ్రు వారమంతయు ఏదో యొక వృత్తి చేసికొని, శనివారము నాడు మైదానమునకు వచ్చువారు. స్మిత్ కూడ యంత్రముల పని నేర్చి దానితోనే జీవించెను. తండ్రి పేరు చెప్పుకొని క్లబ్బులో చేరిన వాడు కాడు. తన శ్రమ చేతనే స్థానము సంపాదించుకొనెను.

1935వ సంవత్సరమున, తన 19వ యేట, స్మిత్ మెల్‌బోర్న్ జట్టులో మొదటిసారిగా ఆడెను. అప్పుడు ఆ జట్టునకు శిక్షకుడు ఫ్రాంక్ హ్యూస్ అను క్రమశిక్షణాపరుడు. గోలు స్తంభముల యెదుట నిలిచి, తోటివారు అందించిన బంతిని గోలుగా మార్చుట స్మిత్ పని. అట్టి స్థానమున నున్నవానికి పేరు మీద ఆశ కలుగుట సహజము. స్మిత్ స్వభావము మాత్రము వేఱు. తనకంటె మంచి తావున తోటివాడున్నచో బంతిని వానికే అందించెడివాడు. అయినను 1941వ సంవత్సరమున ఒక్క యేటనే ఎన్నో గోలులు చేసెను. మెల్‌బోర్న్ క్లబ్బు పక్షమున 210 ఆటలాడి 546 గోలులు సాధించెను. 1939, 1940, 1941, 1948 సంవత్సరములలో లీగు విజేతగా నిలిచిన జట్టులలో ఆయన యుండెను. 1945 మొదలు 1947 వఱకు జట్టు నాయకుడుగా నుండెను.

స్మిత్‌తో కలిసి ఆడినవారిలో రాన్ బరాసీ అను యువకుడొకడు. అతడు విక్టోరియా గ్రామసీమలనుండి నగరమునకు వచ్చినవాడు. 1936 మొదలు 1940 వఱకు మెల్‌బోర్న్ పక్షమున 58 ఆటలాడెను. 1940వ సంవత్సరమున జట్టు విజయమున అతనికిని భాగము కలదు. అప్పటికే రెండవ ప్రపంచ యుద్ధము ఆరంభమైయుండెను. బరాసీ సైన్యమున చేరి ఆఫ్రికా ఖండమునకు పోయెను. లిబియా దేశపు సముద్రతీరమున టోబ్రూక్ అను రేవు పట్టణము కలదు. 1941వ సంవత్సరమున శత్రు సైన్యములు దానిని ముట్టడించినప్పుడు ఆస్ట్రేలియా సైనికులు మాసముల తరబడి దానిని కాపాడిరి. ఆ పోరాటమునందే జూలై 31వ తేదీన బరాసీ మరణించెను. విక్టోరియా ఫుట్‌బాల్ లీగు ఆటగాండ్రలో ఆ యుద్ధమున అసువులు బాసినవారిలో అతడొకడు. అప్పటికి అతని కుమారునికి అయిదేండ్లు. ఆ బాలుని పేరు కూడ రాన్ బరాసీయే.

ఆటగాండ్రు తమ తోటివానిని మఱచిపోలేదు. వితంతువునకును బాలునకును అండగా నుండుట తమ విధియని తలచిరి. వారిలో స్మిత్ ముఖ్యుడు. బాలుడు పెరిగి పెద్దవాడగుచుండెను. తండ్రి ఆడిన మెల్‌బోర్న్ జట్టులోనే ఆడవలెననియు, తండ్రి ధరించిన 31వ సంఖ్య గల చొక్కానే ధరింపవలెననియు అతని కోరిక. కాని దానికొక అడ్డు కలదు. ఆ కాలమున నగరమును ప్రాంతములుగా విభజించి, ఒక్కొక్క ప్రాంతమును ఒక్కొక్క క్లబ్బునకు కేటాయించియుండిరి. ఏ ప్రాంతమున నివసించువాడు ఆ ప్రాంతపు క్లబ్బులోనే చేరవలెను. ధనవంతమైన క్లబ్బు మంచి ఆటగాండ్రనందఱిని కొల్లగొట్టకుండ ఈ కట్టుబాటు ఏర్పడినది. బరాసీ కుటుంబము నివసించు ప్రాంతము మెల్‌బోర్న్ క్లబ్బునకు చెందినది కాదు.

1950వ సంవత్సరమునకు అటునిటుగా లీగులో ఒక క్రొత్త నియమము రూపొందెను. ఒక క్లబ్బునకు చక్కగా సేవ చేసిన ఆటగాని కుమారుడు, ఎచట నివసించినను, తండ్రి ఆడిన క్లబ్బులో చేరవచ్చునని దాని సారము. దీనిని తండ్రి–కొడుకుల నియమము అందురు. మెల్‌బోర్న్ క్లబ్బు బాలుడైన బరాసీని మనసున నుంచుకొని ఈ నియమమును గట్టిగా కోరెను. 1951వ సంవత్సరమున కార్ల్‌టన్ క్లబ్బులో హార్వీ డన్ అను యువకుడు దీని వలన మొదట చేరెను. అతని తరువాతి వాడు బరాసీ.

ఇంతలో వేఱొక చిక్కు వచ్చెను. బాలుని తల్లి టాస్మేనియా ద్వీపమునకు నివాసము మార్చుకొనెను. బాలుడు తల్లితో పోయినచో మెల్‌బోర్న్‌లో ఆడుట కలగానే మిగిలిపోవును. ఉండిపోయినచో నిలుచుటకు నీడ లేదు. అప్పుడు స్మిత్ ముందునకు వచ్చెను. ఆయన 1949 మొదలు 1951 వఱకు ఫిట్జ్‌రాయ్ క్లబ్బునకు శిక్షకుడుగా నుండి, 1952వ సంవత్సరమున మెల్‌బోర్న్‌కు శిక్షకుడై తిరిగి వచ్చియుండెను. కోబర్గ్ ప్రాంతమున ఆయన ఇంటి వెనుక పెరటిలో చిన్న గది యొకటి కలదు. మిత్రుని కుమారుని ఆ గదిలో నిలిపి, తన భార్యతోను బిడ్డతోను సమానముగా కుటుంబమున చేర్చుకొనెను. తండ్రిని పోగొట్టుకొన్న బాలునికి ఆ ఇల్లే ఇల్లయ్యెను.

1953వ సంవత్సరమున బరాసీ 31వ సంఖ్య చొక్కా ధరించి మైదానమున ప్రవేశించెను. ఇచటనే స్మిత్ గొప్పతనము తెలియును. ఇంట పుత్రవాత్సల్యము చూపిన ఆయన, మైదానమున నుండగా ఆ సంబంధమును పూర్తిగా మఱచెడివాడు. పొరపాటు చేసినచో అందఱివలె బరాసీని మందలించెడివాడు. ఒక్కొక్కప్పుడు అందఱికంటె కఠినముగా మందలించెడివాడు. మిత్రుని కుమారునికి పక్షపాతముతో స్థానమిచ్చినారని ఎవరును అనరాదు; ఆ యువకుడు కూడ తండ్రి పేరు చూచి తనకు స్థానమిచ్చినారని తలపరాదు. ఇది ఆయన పట్టుదల.

మొదటి రెండేండ్లు బరాసీ అంతగా రాణింపలేదు. ఆటలో రక్‌మన్ అను స్థానము కలదు. అంపైరు పైకెగురవేసిన బంతికై ఎగిరి దానిని తనవారి వైపు త్రోయుట వాని పని. దానికి మిక్కిలి పొడవైనవాడు కావలెను. బరాసీకి బలము, సాహసము, వేగము కలవు గాని అంతటి పొడవు లేదు. స్మిత్ ఆలోచించి అతనికై స్థానమునే మార్చెను. రక్‌మన్‌కు తోడుగా నుండుచు, బంతి ఎచటికి పోయిన అచటికి మైదానమంతయు పరుగెత్తు బాధ్యతను అతనికి అప్పగించెను. ఆ స్థానమునకు రక్ రోవర్ అని పేరు వచ్చెను. అటుపిమ్మట ఇతర జట్లవారును ఆ పద్ధతినే అవలంబించిరి. శిష్యునిలో లేనిదానికై విచారింపక, ఉన్నదానికి దారి చూపుటయే గురువు లక్షణము.

ఆ తరువాత మెల్‌బోర్న్ జట్టునకు స్వర్ణయుగము వచ్చెను. 1954 మొదలు 1960 వఱకు వరుసగా ఏడేండ్లు ఆ జట్టు అంతిమ పోటీలో ఆడెను. వానిలో 1955, 1956, 1957, 1959, 1960 సంవత్సరములలో విజయము పొందెను. 1957వ సంవత్సరపు అంతిమ పోటీలో బరాసీ ఒక్కడే 5 గోలులు చేసెను. 1958వ సంవత్సరమున మాత్రము కాలింగ్‌వుడ్ జట్టు చేతిలో 18 పాయింట్లతో ఓటమి కలిగెను. ఓటమికి స్మిత్ క్రుంగిపోలేదు. మఱుసటి యేడే జట్టును మరల విజయపథమున నిలిపెను. 1960వ సంవత్సరము మొదలు బరాసీయే జట్టు నాయకుడు. 1964వ సంవత్సరమున కాలింగ్‌వుడ్‌పై కేవలము 4 పాయింట్లతో మెల్‌బోర్న్ గెలిచెను. శిక్షకుడుగా స్మిత్‌కు అది ఆఱవ విజయము.

ఆ విజయోత్సవము ముగిసిన కొలది కాలమునకే ఎవరును ఊహింపని వార్త వెలువడెను. బరాసీ మెల్‌బోర్న్‌ను విడిచి, నాయకుడుగాను శిక్షకుడుగాను కార్ల్‌టన్ క్లబ్బునకు పోవుచుండెను. తండ్రి క్లబ్బులో ఆడుటకై ఒక నియమమునే పుట్టించిన కుమారుడు ఆ క్లబ్బును విడుచుట చూచి అభిమానులు ఎంతయో బాధపడిరి. కాని పెంచినవారు పిల్లలను తమ నీడలోనే కట్టిపెట్టరాదు గదా! 1965వ సంవత్సరమున గురుశిష్యులు ఎదురెదురు జట్లకు శిక్షకులై నిలిచిరి. స్మిత్ నేర్పిన విద్యతోనే బరాసీ 1968, 1970 సంవత్సరములలో కార్ల్‌టన్‌ను విజేతగా చేసెను.

1965వ సంవత్సరమే స్మిత్‌కు తీవ్రమైన పరీక్ష తెచ్చెను. క్లబ్బు పాలకవర్గమునకును ఆయనకును మధ్య భేదములు పెరిగెను. ఆఱుసార్లు విజయము తెచ్చిన శిక్షకుని జూలై మాసమున ఒక శుక్రవారము రాత్రి, ఇంటికి లేఖ పంపి, పదవినుండి తొలగించిరి. నగరమంతయు అట్టుడికినట్లు ఉడికెను. కొలది దినములలోనే పాలకవర్గము మనసు మార్చుకొని ఆయనను మరల నియమించెను. స్మిత్ వచ్చి పనిచేసెను గాని విఱిగిన మనసు అతుకలేదు. జట్టును మునుపటివలె ఆడలేదు. 1967వ సంవత్సరముతో ఆయన మెల్‌బోర్న్ క్లబ్బును విడిచెను. అప్పటికే ఆరోగ్యము చెడియుండెను. అయినను 1969 మొదలు 1972 వఱకు సౌత్ మెల్‌బోర్న్ క్లబ్బునకు శిక్షకుడుగా నుండెను. 1945 తరువాత చివరి దశ పోటీలను చేరని ఆ జట్టును 1970వ సంవత్సరమున అచటికి చేర్చెను. 1973వ సంవత్సరము జూలై 29వ తేదీన, తన 57వ యేట, నార్మ్ స్మిత్ మరణించెను.

1979వ సంవత్సరము మొదలు, అంతిమ పోటీలో అందఱికంటె బాగుగా ఆడినవానికి నార్మ్ స్మిత్ పతకమును బహూకరించుచున్నారు. 1996వ సంవత్సరమున ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ శతాబ్ది జట్టును ఎన్నుకొన్నప్పుడు, దానికి శిక్షకుడుగా స్మిత్ పేరునే ప్రకటించిరి. ఆ జట్టులో రక్ రోవర్ స్థానమున బరాసీ పేరు కలదు. 1964 తరువాత మెల్‌బోర్న్ జట్టు మరల విజేత యగుటకు 57 సంవత్సరములు పట్టెను. 2021వ సంవత్సరమున ఆ కోరిక తీరెను. బరాసీ 2023వ సంవత్సరమున, తన 87వ యేట, కన్నుమూసెను.

తండ్రి–కొడుకుల నియమము నేటికిని నిలిచియున్నది. 1986వ సంవత్సరము మొదలు, క్రింది స్థానమున నున్న జట్టు ముందుగా ఎన్నుకొను పద్ధతిలో క్రొత్త ఆటగాండ్రను క్లబ్బులు పంచుకొనుచున్నవి. ఆ పద్ధతిలో కూడ, 100 ఆటలైనను ఆడినవాని కుమారుని తండ్రి క్లబ్బు ప్రత్యేకముగా కోరుకొనవచ్చును. ఆ లెక్కను 58 ఆటలాడిన బరాసీ కుమారునికి నేడు ఆ హక్కు లభింపదు! పూర్వమునుండి యున్న క్లబ్బులకే ఇది మేలనియు, క్రొత్త క్లబ్బులకు అన్యాయమనియు కొందఱు వాదింతురు. అందుచేత, 2007వ సంవత్సరము మొదలు, ఇతర క్లబ్బు అట్టి యువకుని కోరినచో తండ్రి క్లబ్బు దానికి తగిన మూల్యముగా తన యెన్నిక అవకాశములను వదలుకొనవలసియున్నది.

నియమము తండ్రి పేరు చూచి తలుపు తెఱవగలదు. లోపల నిలుచుటకు శ్రమ కావలెను. ఆ శ్రమ నేర్పుటకు స్మిత్ వంటి పెద్దవాడు కావలెను. తండ్రి చొక్కా బరాసీకి నియమము వలన దొరకెను. దానిని ధరించు యోగ్యత పెరటి గదిలో ఆశ్రయమిచ్చి, మైదానమున తప్పులు దిద్దిన గురువు వలన దొరకెను. పోయిన మిత్రునికి కన్నీరు కార్చువారు పెక్కుమంది యుందురు. వాని బిడ్డను చేరదీసి, గారాబముతో చెడగొట్టక, పెంచి పెద్దచేసి, సమయము వచ్చినప్పుడు తన దారిని తాను పోనిచ్చువారు అరుదు. నార్మ్ స్మిత్ అట్టి అరుదైనవారిలో నొకడు.