శాలిహుండం తీరం నుంచి సచ్చిదానందమూర్తి గారికి

గుంటూరు జిల్లా సంగం జాగర్లమూడిలో 1924 సెప్టెంబరు 25న పుట్టిన తత్త్వవేత్త ఆచార్య కొత్త సచ్చిదానందమూర్తి గారి శతజయంతి 2024లో వచ్చింది. ఆ శతజయంతిని తలచుకుంటూ శ్రీకాకుళం తీరంలోని భావనపాడు నుంచి ఆయనకు మనసారా జేజేలు! మా ఉద్దానం పిల్లలకు తరతరాలుగా పెద్ద చదువంటే ఆంధ్ర విశ్వవిద్యాలయమే. అక్కడి తత్త్వశాస్త్ర శాఖకు దేశవిదేశాల్లో పేరు తెచ్చిన గురువు ఆయన. అందుకే ఆ పండుగ మాది కూడా.

తూర్పు గొప్పా, పడమర గొప్పా అన్న పోటీ ఆయనకు పట్టలేదు. రెంటినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒకదాని చేత మరొకదాన్ని ప్రశ్నింపజేశారు. అద్వైతంలో శ్రుతి ఎంతవరకు, యుక్తి ఎంతవరకు అని 1959 నాటి గ్రంథంలో నిగ్గుతేల్చారు. 1971లో నేషనల్ బుక్ ట్రస్టుకు బౌద్ధాచార్యుడు నాగార్జునుడి మీద పుస్తకం రాశారు. 1976లో మైసూరు విశ్వవిద్యాలయం ఆయన దూరప్రాచ్య దర్శనాల గ్రంథాన్ని ప్రచురించింది.

ఆ వరుసలో ఒక సహజమైన దారి కనిపిస్తుంది. ఏదీ తనంత తాను నిలవదు, అన్నీ పరస్పరం ఆధారపడే ఉంటాయి అన్న నాగార్జునుడి శూన్యతా దర్శనం చైనా మీదుగా జపాను చేరింది. అక్కడి బౌద్ధ గురువు షిన్‌రాన్ తన ఏడుగురు పరమగురువుల్లో మొదటి పీట నాగార్జునుడికే వేశాడు. జెన్ గురుపరంపరలోనూ ఆయన ఉన్నాడు. 20వ శతాబ్దంలో క్యోటో తత్త్వవేత్త నిషితాని కెయిజి జర్మనీ వెళ్లి అక్కడి తత్త్వవేత్త హైడెగర్ దగ్గర చదివాడు. ఏ విలువా మిగలలేదన్న యూరప్ నిరాశకు అదే శూన్యతలో జవాబు వెతికాడు. అలా జపాను పడమరతో జరిపిన సంభాషణలో మన ఆంధ్రదేశంతో పేరు ముడిపడిన ఆచార్యుడి గొంతూ ఉంది. ఆ గొంతును మన కాలానికి మళ్లీ వినిపించినవారు మూర్తి గారు.

వంశధార ఒడ్డున శాలిహుండం స్తూపాలూ, చేరువలోని కళింగపట్నం రేవూ చూసినవారికి బౌద్ధం పరాయి సంగతి కాదు. ఈ తీరం ఒకనాడు బౌద్ధ ఆలోచనకు నిలయం.

తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, యూజీసీ ఉపాధ్యక్షుడిగా మూర్తి గారు విద్యారంగానికి సేవ చేశారు. 1984లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్ ఆయనను వరించాయి. 2011లో కన్నుమూశారు.

ఆయన గ్రంథాలు చక్కని తెలుగులో టెక్కలి, పలాస కళాశాలల పిల్లల చేతికి అందాలి. నాగార్జునుణ్నీ హైడెగర్‌నూ పక్కపక్కన పెట్టుకుని, ఎవరికీ తలవంచకుండా ఇద్దరినీ ప్రశ్నించే యువకులు ఇక్కడినుంచి రావాలి. గురువుగారికి అంతకు మించిన పూజ లేదు.